ముద్దేనహళ్లి ఇంజనీరు గారి పేటెంటు

ఈ సంచికకు ఎవరైనా పెద్దవారి చరిత్ర రాయమన్నప్పుడు మాకు మన నంది కొండ పక్కన ఉండే ముద్దేనహళ్లి గుర్తుకొచ్చింది. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరది. వారి పెద్దలు గిద్దలూరు వైపు మోక్షగుండం నుండి వచ్చినవారు, తెలుగు ఇల్లు. ఆయన కట్టించిన డ్యాముల గురించి అందరూ చెప్తారు. మేము రాసేది ఆయన పేటెంటు సంగతి.

చిన్నతనంలోనే తండ్రి పోయినారు. చిక్కబళ్ళాపురంలో బడి, 1881లో బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బి.ఏ., ఆ తర్వాత పూనాలో ఇంజనీరింగు. బొంబాయి సర్కారులో ఉద్యోగం దొరికింది.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువులో వానాకాలం నీళ్లు పొర్లిపోయేవి, ఎండాకాలం చాలేవి కావు. పాత కట్టను ఎత్తు చేయకుండా నీళ్లు ఎక్కువ నిలపాలి. దానికి ఆయన తమంతట తామే పనిచేసే తలుపులు తయారు చేసినారు. నీళ్లు గుర్తు దాకా వచ్చేవరకు మూసి ఉంటాయి, దాటితే తెరుచుకుంటాయి, వరద తగ్గితే మళ్లీ మూసుకుంటాయి. మనిషి తిప్పే పని లేదు. 1903లో దానికి పేటెంటు తీసుకున్నారు. అవే తలుపులు తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రాలో, మన కృష్ణరాజసాగరలో కూడా పెట్టినారు.

పేటెంటు అంటే గుట్టు దాచుకోవడం అని మేమూ చాలా కాలం అనుకున్నాము. కాదు. పని ఎట్లా జరుగుతుందో బొమ్మలతో సహా సర్కారుకు రాసివ్వాలి. బదులుగా అప్పటి చట్టం 14 ఏండ్లు హక్కు ఇచ్చేది. గడువు తీరితే అది అందరి సొత్తు. మన దగ్గర అంతా తలకిందులు. పెద్దాయన పోతే అల్లిక లెక్క ఆయనతోనే పోతుంది, ఉన్నన్నాళ్లూ ఎవడో ఒకడు చూసి ఎత్తుకుపోతాడు.

మా సంఘంలోనే జరిగింది. ఒక నేతగాడు రెండు నెలలు కూర్చుని కొంగుకు కొత్త బుటా గ్రాఫు గీసి, అట్టలు కొట్టించినాడు. చీరలు అంగడికి పోయి నెల తిరగకముందే అదే బుటా పవర్‌లూమ్ మీద సగం ధరకు వచ్చింది. అడగడానికి మా చేతిలో కాగితం లేదు. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే 10 ఏండ్లు, ఆపైన ఇంకో 5 ఏండ్లు హక్కు ఉంటుందట. కానీ సరుకు బయటికి రాకముందే దరఖాస్తు చేయాలి. ఆ సంగతి మాకు తెలిసేసరికి చీరలు అమ్ముడైపోయినాయి.

విశ్వేశ్వరయ్య గారు 1898లోనే జపాను చూసి వచ్చినారు. ఆ దేశం 1872లో తోమియోకాలో ఫ్రాన్సు యంత్రాలతో పట్టు దారం మిల్లు పెట్టి, ఫ్రాన్సు వారి చేతనే తమ ఆడపిల్లలకు పని నేర్పించింది. 1908 మూసీ వరద తర్వాత ఆయన హైదరాబాదుకు సలహాదారుగా పోయినారు, అక్కడి నుండి మైసూరుకు వచ్చినారు. 1912లో దివాన్ అయినారు. మైసూరు పట్టు కార్ఖానా ఆ ఏడు మొదలైందే, స్విట్జర్లాండు మగ్గాలతో. పట్టుపురుగుల పెంపకానికి ఇటలీ, జపాను నిపుణుల సాయం తీసుకున్నారు. మగ్గం కొంటే చాలదు, నేర్పేవాడు కూడా రావాలి. మన జకార్డు కూడా ఫ్రాన్సు నుండి వచ్చిందే కదా.

ఇప్పుడు మైసూరు సిల్కుకు, మొలకాల్మూరు చీరకు జీఐ ఉంది. అది పేరును కాపాడుతుంది. మనం గీసిన కొత్త బుటాకు వేరే నమోదు కావాలి.

1955లో ఆయనకు భారతరత్న వచ్చింది. నూరేండ్లు దాటి బ్రతికి 1962 ఏప్రిల్‌లో కాలం చేసినారు. సమాధి ముద్దేనహళ్లిలోనే ఉంది.

ఈ ఏడు మా ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టినాము. గ్రాఫు, తేదీ, గీసినవారి సంతకం, జానెడు గుడ్డ ముక్క. మొదటి పేజీలో అతికించింది ఆ పోయిన బుటానే. అది నమోదుకు పనికిరాదని తెలుసు, అయినా అతికించినాము.