చిన్నపిల్లల ఉస్తాద్ డాక్టర్ జాకిర్ హుస్సేన్

జాకిర్ హుస్సేన్ సాహెబ్ పేరు చెప్పగానే మన దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి అంటారు అందరూ. నిజమే. కాని ఆ పదవిలో ఆయన ఉన్నది రెండేళ్లే. జామియా మిల్లియాని నడిపింది ఇరవై రెండేళ్లు. పిల్లల్ని బడికి పంపే మనం తెలుసుకోవలసింది ఆ ఇరవై రెండేళ్ల సంగతి.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఇక్కడ వకీలు. 1907లో తండ్రి పోయాక కుటుంబం నేటి ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరు కాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు వచ్చి తల్లి కూడా కన్నుమూసింది. అలీగఢ్‌లో చదువుతుండగా గాంధీజీ పిలుపు విని సర్కారు సాయంతో నడిచే కాలేజీని వదిలేశారు. 1920లో జామియా స్థాపనలో చేయి కలిపారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని 1926లో తిరిగొచ్చేసరికి, డబ్బు లేక జామియా మూతపడేటట్టుంది. ఆయనా, తోటి ఉస్తాదులూ నెలకి 150 రూపాయలు మించకుండా ఇరవై ఏళ్లు పనిచేస్తామని మాటిచ్చి దాన్ని నిలబెట్టారు.

అంత చదివిన మనిషి మనసు పెట్టింది చిన్నపిల్లల బడి మీద. అక్కడ అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ సాహెబ్ ప్రాజెక్టు పద్ధతిలో చదువు చెప్పేవారు. పిల్లలే దుకాణం, బ్యాంకు నడిపేవారు. దుకాణం నడపాలంటే పెద్దవాడు లెక్క రాయాలి, నడిమివాడు ధరల పట్టీ రాయాలి, చిన్నవాడు సరుకు అందించాలి. పక్కవాడి పని చూస్తూనే చిన్నవాడికి కూడిక వస్తుంది. జర్మనీ నుంచి వచ్చిన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ 1943లో చనిపోయేదాకా ఈ పిల్లల మధ్యే ఉన్నారు. వాళ్లకి ఆమె ఆపాజాన్. 1935 మార్చి 1న ఓఖ్లాలో బడి భవనానికి పునాదిరాయి వేయించింది ఏ నవాబుతోనో కాదు, అందరికన్నా చిన్న విద్యార్థితో!

ఒకసారి పిల్లలకి మిఠాయి పంచుతుండగా తన చిన్నకూతురు పోయిందని కబురొచ్చిందట. ముఖం పాలిపోయినా, పిల్లల సంతోషం చెడకూడదని పంచడం ఆపలేదని జామియా వాళ్లు చెప్పుకునేవారు. ఆ బిడ్డ రెహానా పేరు కలిపి, రుఖయ్యా రెహానా పేరుతో ఆయన పిల్లల కథలు రాశారు. 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' వాటిలోదే.

1937లో గాంధీజీ వార్ధా విద్యా పథకానికి వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఏడేళ్ల నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపనితో చదువు అందులోని ముఖ్యాంశాలు. ముస్లిం లీగ్ ఆ పథకాన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఆయన వెనక్కి తగ్గలేదు. అలాగని గుడ్డిగానూ నమ్మలేదు. బడి ఖర్చు రాబట్టడానికి పిల్లలచేత చాకిరీ చేయించే ప్రమాదం ఉందని ఆనాడే హెచ్చరించారు.

తర్వాత అలీగఢ్ వైస్ ఛాన్సలర్, బీహార్ గవర్నర్, ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి పదవి వచ్చాయి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు.

మన ఉర్దూ బడుల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చోవడం కొత్త కాదు. అది లోటేనని చింతించే తల్లిదండ్రులకి ఒక మనవి. ఉస్తాద్‌కి ఓపిక ఉంటే, పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేయి పట్టుకుంటే, ఆ గదిలో కూడా మంచి తాలీం సాగుతుంది. సాయంత్రం ఇంటికొచ్చిన బిడ్డని ఎన్ని మార్కులని అడిగే ముందు, ఇవాళ ఏం చేశావు బేటా అని అడుగుదాం.