బట్టల కొట్టు విడిచిన బాలుడు, బడి తలుపులు తెరిచిన నేత కామరాజ్

తమిళనాడు దక్షిణ ప్రాంతంలోని విరుదునగర్ ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో విరుదుపట్టి అనే చిన్న వర్తక పట్టణం. పత్తి, మిరప వ్యాపారాలకు పేరొందిన ఆ ఊరిలో నాడార్ వర్తకులు తమ రాబడిలో కొంత భాగాన్ని మహమై పేరిట ఉమ్మడి నిధికి తీసి, దానితో బడులు నడిపేవారు. 1903 జూలై 15న కామరాజ్ అక్కడే జన్మించారు. తండ్రి కుమారస్వామి నాడార్ కొబ్బరికాయల వర్తకుడు. కుమారుడికి ఆరేళ్ల వయసులోనే ఆయన మరణించడంతో ఇద్దరు పిల్లల భారం తల్లి శివగామి అమ్మాళ్ మీద పడింది.

వర్తకుల నిధితో నడిచే క్షత్రియ విద్యాశాలలో సాగిన కామరాజ్ చదువు ఎక్కువకాలం కొనసాగలేదు. సుమారు పన్నెండేళ్ల ప్రాయంలో ఆయన మేనమామ కరుప్పయ్య నాడార్ బట్టల కొట్టులో పనికి కుదిరారు. చిన్న పట్టణంలో కుటుంబ దుకాణమంటే కేవలం జీవనోపాధి కాదు; తండ్రి లేని పిల్లవాడికి అదే బడి, అదే భవిష్యత్తు. తానులు విప్పి చూపడం, గజంబద్దతో కొలిచి ఇవ్వడం, అరువు ఖాతా రాయడం, కొనేవారి తాహతు ఎరిగి బేరం కుదర్చడం నేర్చిన కుర్రవాడు క్రమంగా దుకాణదారుడిగా స్థిరపడటం ఆనాటి ఆనవాయితీ. ఇంటివారు కామరాజ్ నుంచి ఆశించినదీ అదే.

అయితే ఆయన మనసు గల్లాపెట్టె వద్ద నిలువలేదు. హోంరూల్ ఉద్యమ వార్తలు, వరదరాజులు నాయుడు వంటి నేతల ప్రసంగాలు ఆయనను ఆకర్షించాయి. 1919 నాటి జలియన్‌వాలాబాగ్ మారణకాండ ఆ ఆసక్తిని దృఢసంకల్పంగా మార్చింది. సభల ధ్యాస మాన్పించేందుకు ఇంటివారు ఆయనను తిరువనంతపురంలో మరో మేనమామ నడిపే కలప దుకాణానికి పంపారు. ఆ ఉపాయం ఫలించలేదు. సహాయ నిరాకరణ ఉద్యమం విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన ఆ రోజుల్లో బట్టల వ్యాపారమే రాజకీయ ప్రశ్నగా మారింది. కామరాజ్ ఖద్దరు ధరించి కాంగ్రెస్ కార్యకర్తగా ఊరూరా తిరిగారు. వివాహ ప్రయత్నాలను తిరస్కరించి ఆజన్మాంతం అవివాహితుడిగా ఉండిపోయారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంతో మొదలుకొని పలుమార్లు కారాగారవాసం అనుభవించారు.

1954 ఏప్రిల్‌లో ఆయన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ముందు ఏడాది రాజాజీ ప్రభుత్వం ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా పథకం అప్పటికే తీవ్ర వివాదంలో ఉంది. పిల్లలు రోజులో కొంత సమయం బడిలో చదివి, మిగిలిన సమయం ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారాంశం. ఇది కులవృత్తులను శాశ్వతం చేస్తుందన్న నిరసన రాష్ట్రమంతటా వెల్లువెత్తింది. కామరాజ్ ప్రభుత్వం అదే ఏడాది ఆ పథకాన్ని రద్దు చేసింది. అర్ధాంతరంగా చదువు మాని కుటుంబ వ్యాపారంలోకి వెళ్లిన వ్యక్తి తీసుకున్న నిర్ణయం కావడం వల్ల దానికి ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది. ఆ తరువాత గ్రామగ్రామాన కొత్త పాఠశాలలు వెలిశాయి. ఆకలి బాలలను బడికి దూరం చేయకూడదన్న ఉద్దేశంతో 1956లో మధ్యాహ్న భోజన పథకం ఆరంభమైంది.

1963 అక్టోబర్ 2న కామరాజ్ తన పేరిటే ప్రసిద్ధమైన ప్రణాళిక ప్రకారం పార్టీ సేవకై పదవిని వీడారు. దామోదరం సంజీవయ్య అనంతరం 1964లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రధానమంత్రులు కావడంలో కీలకపాత్ర పోషించారు. అయితే 1967 ఎన్నికల్లో సొంత ఊరు విరుదునగర్‌లోనే ఒక విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ పరాజయంతో ఆయన ప్రజాజీవితం ముగియలేదు. 1969లో నాగర్‌కోయిల్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, కామరాజ్ కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించింది. దీర్ఘకాలం అధికారంలో ఉన్నా ఆయన ఆస్తులు కూడబెట్టలేదు. చెన్నైలో అద్దె ఇంట్లోనే నివసించారు. ఆ ఇల్లు, విరుదునగర్‌లోని జన్మగృహం నేడు స్మారకాలుగా ఉన్నాయి. ఆయన జన్మదినమైన జూలై 15ను తమిళనాడు పాఠశాలలు విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటున్నాయి.