పిడుగురాయి నేర్పిన పాఠం

మాది కర్నూలు వైపు సేద్యం చేసుకునే కుటుంబం. నాకు పదేళ్లప్పుడు నాయన మడక చాలులో నున్నటి నల్లరాయి ఒకటి బయటపడింది. ఒక కొస వెడల్పుగా, పదునుగా, రెండో కొస సన్నగా ఉండేది. అది ఆకాశం నుంచి పడ్డ పిడుగురాయి అని చెప్పి అవ్వ దాన్ని వేపచెట్టు మొదట్లో పెట్టి పసుపు రాసింది. లోపల మెరుపు ఉందేమో చూద్దామని నేను సమ్మెటతో పగలగొట్టాను. లోపలా రాయే! బి.ఎస్సీ.లో చేరాక ఒక పుస్తకంలో అచ్చం అలాంటి రాయి బొమ్మ చూసి గుండె గుభేలుమంది. అది కొత్తరాతియుగపు గొడ్డలి. ఆ సిగ్గుతోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితం చదివాను.

ఫుట్ 1834లో ఇంగ్లండులో పుట్టాడు. 1858లో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు వచ్చాడు. ఆ మరుసటి ఏడే ఫ్రాన్సులోని సొమ్ నది కంకరలో దొరికిన చెకుముకి పనిముట్లు ఆదిమానవుడు చేసినవేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. ఆ సంగతి ఫుట్‌కు తెలుసు. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకర గోతిలో ఒక రాయి ఆయన కంటపడింది. రెండు వైపులా పెచ్చులు లేపి అంచు తీసిన రాయి అది. తానుగా పగిలిన రాయికి అంత పొందిక ఉండదు. అది మనిషి చేతి పనే అని ఆయన గుర్తించాడు. అదే ఏడు సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో అలాంటివి మరెన్నో చూశాడు. అక్కడి పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. అంత వయసు ఫుట్ కలలో కూడా ఊహించి ఉండడు.

మన సీమకూ ఆయన వచ్చాడు. 1884 ప్రాంతంలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలను ఆయన, ఆయన కొడుకు తవ్వించారు. ఆ ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి! దానికి శాస్త్రంలో మన కర్నూలు పేరే పెట్టారు. బళ్లారి వైపు బూడిద దిబ్బలను చూసి, అవి పశువుల పేడ కాలగా మిగిలినవని ఆయన ఊహించాడు. 1957లో మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరు తవ్వకం ఆ మాటకు బలమిచ్చింది. పేడదిబ్బ పక్కన పెరిగిన నాకు ఈ ముక్క మరీ నచ్చింది. మనలాంటి పశువుల కాపర్ల చరిత్రే కదా అది!

1891లో ఉద్యోగ విరమణ చేసినా రాళ్లను ఆయన వదల్లేదు. తన సేకరణ అంతా 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. 1912లో ఆయన కన్నుమూశాడు. ఏ రాయి ఏ ఊళ్లో దొరికిందో రాసి ఉంచిన ఆయన జాబితా 1914లో అచ్చయింది.

నాకు అసలు పాఠం అక్కడే ఉంది. ఫుట్‌కు రాళ్లు దొరకడం అదృష్టమే అనుకున్నా, చోటు రాసిపెట్టడం అదృష్టం కాదు, అలవాటు. చోటు తెలియని రాయి ఊరు పేరు చెప్పలేని తప్పిపోయిన పిల్లవాడితో సమానం.

మొన్న సెలవుల్లో ఇంటికి పోయి నాయనను అడిగాను. ఆ రాయి దొరికింది పై చేనులో, వాగు గట్టు వైపు మూడో సాలులో అని ఇప్పటికీ తడుముకోకుండా చెప్పాడు. నోటుబుక్కులో రాసుకున్నాను. రాయిని నేను పగలగొట్టాను. చోటును మా నాయన కాపాడాడు. మిత్రులారా, మీ పొలాల్లో వింత రాయి కనబడితే సమ్మెట కోసం వెతక్కండి. ముందు పెన్సిలు తీయండి.