తెగిన దారము నేర్పిన పాఠము

జపానులోని షిజువోకా ప్రాంతమున 1867లో నొక వడ్రంగి యింట సకిచి టొయోడా జన్మించెను. చేమగ్గముపై శ్రమించు గ్రామస్త్రీల కష్టమును గాంచి, 1891లో నూతన కొయ్యమగ్గమునకు పేటెంటు పొందెను. 1924లో నాతడు రూపొందించిన స్వయంచాలక మగ్గము నూలుపోగు తెగినంతనే తనంత నిలిచిపోవును; చెడుగుడ్డ నేయదు. కావున నొక్క పనివాడే పెక్కు మగ్గములను జూడగలిగెను. మన నేతగాండ్ర నోటికూడు గొట్టిన మిల్లుగుడ్డ యే లాంకషైరునుండి వచ్చెనో, ఆ లాంకషైరులోని ప్లాట్ యంత్రసంస్థయే 1929లో దాని హక్కులను సొమ్మిచ్చి కొనెను. మరుసటియేడు సకిచి గతించెను.

తప్పు తోచినంతనే పని నాపవలెనను తండ్రి నియమమును, వలసినపుడే వలసినంత చేయవలెనను కుమారుడు కీచిరో పద్ధతియు, 1937లో స్థాపితమైన టొయోటా మోటారు కంపెనీలో గలిసి, నేడు కంప్యూటరులు నడుపు కర్మాగారములకును మూలస్తంభములైనవి. పరుల యంత్రములను గొని తృప్తిచెందు జాతికి గాక, తన గ్రామమగ్గము నొద్దనే శోధన యారంభించు జాతికే పరిశ్రమ వశమగును.