ఆకాశయాన శిల్పి ఆర్విల్ రైట్

పక్షివలె గగనంలో విహరించాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. మన పురాణాలు పుష్పకాన్ని వర్ణించాయి. గ్రీకుల గాథలు మైనపు రెక్కలు ధరించిన ఇకారస్‌ను చిత్రించాయి. ఆ కల్పనను సత్యం చేసినవారు చక్రవర్తులు కారు, విశ్వవిద్యాలయ పండితులూ కారు. సైకిళ్లు తయారుచేసి, మరమ్మతు చేసి జీవించిన ఇద్దరు అన్నదమ్ములు. వారిలో చిన్నవాడు ఆర్విల్ రైట్.

ఆర్విల్ 1871 ఆగస్టు 19న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ నగరంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు. తల్లి సుసాన్ పనిముట్ల వాడకంలో నేర్పరి. 1878లో తండ్రి తెచ్చిన ఎగిరే బొమ్మ ఒకటి ఆర్విల్ మనస్సులోనూ, అన్న విల్బర్ మనస్సులోనూ చెరగని ముద్ర వేసింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తికాకుండానే ఆర్విల్ ముద్రణాలయం నెలకొల్పాడు. 1892లో సోదరులిద్దరూ సైకిళ్ల దుకాణం తెరిచారు.

1896లో జర్మనీ దేశస్థుడైన లిలియెంతాల్ గ్లైడరు కూలి మరణించాడు. ఆ వార్త సోదరులను విమాన శాస్త్రం వైపు మళ్లించింది. 1900, 1901 సంవత్సరాలలో కిట్టీహాక్ ఇసుక మేటలపై వారు గ్లైడర్లను పరీక్షించారు. పూర్వుల పట్టికలు చెప్పినంత బలం రెక్కలకు లభించలేదు. వారు నిరాశ చెందారే గాని ప్రయత్నం మానలేదు. ఆ అంకెలనే శంకించారు. ఆరడుగుల చెక్క పెట్టెలోకి గాలిని పంపి, దాదాపు రెండు వందల చిన్న రెక్కల నమూనాలను పరీక్షించారు. ఆ కొలతలకు కావలసిన త్రాసును రంపపు బ్లేడుతోనూ, సైకిలు చువ్వల తీగతోనూ తామే చేసుకొన్నారు. పెద్దలు చెప్పిన మాటనైనా కొలిచి చూసిన తరువాతనే అంగీకరించడం శాస్త్రజ్ఞుని ధర్మం.

1903లో వారి దుకాణంలోనే విమానం రూపుదాల్చింది. సహాయకుడు చార్లీ టేలర్ ఆరు వారాలలో ఇంజను నిర్మించాడు. రెక్కలకు కప్పినది నూలు గుడ్డ. గోనెగండ్ల చేలలో పత్తిని, ఎమ్మిగనూరు మగ్గాలపై నూలు వస్త్రాన్ని చూసిన విద్యార్థులకు ఈ విషయం వింతగానూ, దగ్గరగానూ తోచవచ్చు.

ఆ విమానంలో మూడు సాధనాలు అమర్చారు. ఒకటి కాలాన్ని, ఒకటి గాలిలో సాగిన దూరాన్ని, మరొకటి ఇంజను తిరిగిన చుట్లను లెక్కించేవి. ఒకే మీట తిప్పితే ఇంధనం ఆగిపోయి, మూడు సాధనాలూ ఏకకాలంలో నిలిచిపోయేవి. మూడు అంకెలూ ఒకే క్షణానికి సంబంధించినవైతేనే వాటిని పోల్చవచ్చునని వారు గ్రహించారు. డిసెంబరు 17న ఆర్విల్ నడిపిన విమానం దాదాపు 12 సెకన్లపాటు ఎగిరి 120 అడుగులు సాగింది. గడియారాన్ని వెంటనే ఆపలేకపోయినందున కాలం కచ్చితంగా తెలియదని ఆయన తన దినచర్యలో నమోదు చేశాడు. చరిత్ర సృష్టించిన దినాన కూడా అంకెను అలంకరించని నిజాయితీ ఆయనది.

కీర్తి వెంట విషాదమూ వచ్చింది. 1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్‌లో సైన్యాధికారుల ఎదుట ఆర్విల్ విమానం నడుపుతుండగా ప్రొపెల్లరు చీలింది. అది అదుపు తప్పి, చుక్కానిని బిగించిన తీగను తెంచివేసింది. విమానం నేలకూలింది. సహ ప్రయాణికుడు లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ మరణించాడు. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. చెల్లెలు కాథరిన్ వచ్చి పరిచర్య చేసింది. ఆర్విల్ ప్రమాద కారణాన్ని శోధించి, లోపాన్ని సవరించి, మరుసటి ఏడాది అదే మైదానంలో పరీక్ష నెగ్గాడు.

1912లో విల్బర్ టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. ఒంటరియైన ఆర్విల్ విమానాన్ని దానంతటదే సమతూకంలో నిలిపే యంత్రాన్ని మెరుగుపరిచాడు. అందులో ఒక లోలకం పక్కవాటు ఒరుగుదలను, ఒక చిన్న రెక్క ముందు వెనుకల వాలును గుర్తించేవి. 1913 డిసెంబరు 31న చేతులు పైకెత్తి విమానం నడిపి చూపాడు. అయితే 1914లో లారెన్స్ స్పెర్రీ పారిస్‌లో ప్రదర్శించిన గైరోస్కోపు పద్ధతి దానిని మించిపోయింది.

నేడు ఔత్సాహికులు సొంతంగా నిర్మించుకొనే చిన్న విమానాలలో ఎత్తు, వేగం, దిశ తెలిపే సాధనాలు తీగల ద్వారా ఒకదానితో ఒకటి సంభాషిస్తాయి. ఒక సాధనం సమాచారం పంపే తీగ, రెండవదాని అందుకొనే కొసకు కలవాలి. రెండింటికీ ఒకే వేగమూ, ఒకే పద్ధతీ నిర్ణయించాలి. రేడియో అలజడి సోకకుండా తీగకు కవచం ఉండాలి. ఒక్క కొస తారుమారైతే తెర మౌనం వహిస్తుంది, లేదా అసత్యం చూపుతుంది. మౌనం కంటె అసత్యమే ప్రమాదకరం. మబ్బులలో చిక్కిన చోదకునికి ఆ అంకెలే కన్నులు. సాధనాలను ఒక మీటకు కూర్చిన ఆ సోదరుల ఆలోచనకు ఇవి వారసత్వమే.

ఆర్విల్ 1948 జనవరి 30న డేటన్‌లో మరణించాడు. ఇరవై ఏళ్లు లండనులో ఉన్న తొలి విమానం అదే ఏడాది నవంబరులో స్వదేశం చేరింది. చూడడానికి ఆయన లేడు. ఆ విమానపు గుడ్డ పీలిక 1969లో చంద్రుని వద్దకు, 2021లో అంగారకునిపైకి వెళ్లింది. అదే 2021లో కర్నూలు చెంత ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైంది. అక్కడ లేచే ప్రతి విమానం వెనుక ఒక సైకిలు దుకాణమున్నది. అంకెను నమ్మే ముందు కొలిచి చూడాలని, కొలిచిన దానిని దాచక చెప్పాలని ఆర్విల్ జీవితం యువతకు బోధిస్తున్నది.