మగ్గం దగ్గర పాఠం చెప్పిన ఆనీ ఆల్బర్స్

ఇంటర్ తర్వాత ఫ్యాషన్, టెక్స్‌టైల్ డిజైన్ కోర్సుల్లో చేరాలని మనలో కొందరికి ఉంది. ఆ చదువులో కాగితంపై గీయడం వస్తే చాలదు, దారం సంగతి చేతికి తెలియాలి అని నమ్మి, అలాగే బోధించిన ఒక మహిళ గురించి తెలుసుకుందాం.

ఆనీ ఆల్బర్స్ 1899 జూన్ 12న జర్మనీలోని బెర్లిన్ నగరంలో సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. చిత్రకారిణి కావాలన్నది ఆమె కోరిక. 1922లో వైమార్ పట్టణంలోని బౌహౌస్ అనే కళా విద్యాలయంలో చేరారు. పేరుకు అందరికీ ప్రవేశం ఉన్నా, అమ్మాయిలను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. ఆమె కోరుకున్నది గాజు పని, దొరికింది మగ్గం. అయిష్టంగానే దాని ముందు కూర్చున్నారు. తర్వాత ఆమె ఎంత గొప్పవారైనా, ఆ వివక్షను మంచిదని మాత్రం మనం అనలేం.

ఇంకో విచిత్రం. ఆ విభాగాన్ని చూసే చిత్రకారుడికి నేత మీద ఆసక్తే లేదు. అందుకే విద్యార్థినులు ఒకరికొకరు నేర్పుకున్నారు. వారిలో గుంటా స్టోల్జల్, బెనిటా ఓటె అనే ఇద్దరు క్రెఫెల్డ్ పట్టణానికి వెళ్ళి ముందు రంగుల అద్దకం, తర్వాత నేత మెళకువలు నేర్చుకొని వచ్చారు. అంత పేరున్న విద్యాలయానికీ పని తెలిసినవారి దగ్గరికి వెళ్ళక తప్పలేదన్నమాట!

1925లో ఆనీ చిత్రకారుడు యోసెఫ్ ఆల్బర్స్‌ను వివాహమాడారు. 1930లో ఆమెకు డిప్లొమా తెచ్చిపెట్టింది ఒక గోడ వస్త్రం. బెర్నౌలోని కార్మిక సంఘాల పాఠశాల సభామందిరంలో మాటలు ప్రతిధ్వనించకూడదు, వెలుతురు తగ్గకూడదు. అందుకని ముందువైపు వెలుగును తిప్పికొట్టే సెల్లోఫేన్, వెనుకవైపు శబ్దాన్ని పీల్చుకునే మెత్తని షెనీల్ నూలు వచ్చేలా నేశారు. మనలో చేనేత ఇళ్ళ నుంచి వచ్చినవారికి పడుగు, పేక గురించి చెప్పనక్కరలేదు. ఏ దారం ఎలా ప్రవర్తిస్తుందో వేళ్ళకు తెలియనివారు ఇలాంటి వస్త్రాన్ని ఊహించలేరు.

1931లో ఆమె నేత విభాగం బాధ్యత చేపట్టారు. 1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. అదే ఏడాది దంపతులిద్దరూ అమెరికా వెళ్ళి, నార్త్ కరోలినాలో అప్పుడే మొదలైన బ్లాక్ మౌంటెన్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆమె 1949 వరకు అక్కడే బోధించారు.

ఆ కళాశాల పేదది, మగ్గాలు కూడా తక్కువే. ఆమె దాన్నే పాఠంగా మలచుకున్నారు. పెరూ దేశపు పాత పద్ధతిలో నడుము మగ్గాన్ని విద్యార్థుల చేతనే తయారు చేయించారు. పడుగు ఒక కొసను చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొసను పట్టీతో నడుముకు తగిలించుకోవాలి. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. బిగువు అంటే ఏమిటో పుస్తకం చెప్పే ముందే ఒంటికి తెలిసిపోతుంది. మొక్కజొన్న గింజలు, పొడిచిన కాగితం, టైపు మిషన్‌తో కొట్టిన అక్షరాలతో కూడా గరుకు, నునుపు తేడాలను చూపించేవారు. అలాగని ఆమె యంత్రాలకు వ్యతిరేకి కాదు. చేతిమగ్గం మీద చేసిన ప్రయోగం మిల్లుకు నమూనా కావాలన్నదే ఆమె ఉద్దేశం.

వంశపారంపర్యంగా వచ్చిన నరాల జబ్బు వల్ల ఆమెకు నడక కష్టంగా ఉండేది. అయినా పని ఆపలేదు. 1949లో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం ఆమె నేతలతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఒక నేత కళాకారిణికి ఆ గౌరవం దక్కడం అక్కడ అదే మొదలు. 1965లో నేత గురించి రాసిన పెద్ద పుస్తకాన్ని ఆమె ప్రాచీన పెరూ నేతగాళ్ళకు అంకితమిచ్చారు, తన గురువులు వారేనని. వారిలో ఒక్కరి పేరు కూడా చరిత్రలో మిగలలేదు.

ఆనీ ఆల్బర్స్ 1994 మే 9న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.