దిద్దుబాటు మానని జీవితం

విజయనగరం నుండి శ్రీకాకుళం వైపు సాగే దారిలో ఉన్న చీపురుపల్లికి తెలుగు సాహిత్యంలో ఒక చిన్న స్థానం ఉన్నది. గురజాడ అప్పారావుగారు బాల్యంలో అక్షరాలు దిద్దుకొన్నది ఆ ఊరిలోనే. 1862 సెప్టెంబరు 21న ఆయన రాయవరంలో మాతామహుల యింట జన్మించారు. తండ్రి వేంకట రామదాసుగారు విజయనగర సంస్థానపు ఉద్యోగిగా చీపురుపల్లిలో ఉండడం వలన పదేళ్ల ప్రాయం వరకు చదువు అక్కడనే సాగింది. పలకపై వ్రాసి, తుడిచి, తిరిగి వ్రాయడం ప్రతి బిడ్డా చేసేదే. పెద్దవాడై పేరు గడించిన పిమ్మట కూడా ఆ పని మాననివారు అరుదు.

తండ్రి గతించిన తరువాత విజయనగరం చేరిన ఆ పిల్లవానికి మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖరశాస్త్రిగారు అన్నమూ ఆశ్రయమూ ఇచ్చారు. గిడుగు రామమూర్తిగారు అక్కడ సహపాఠి. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. ముగిశాయి. శరీరం మాత్రం ఎన్నడూ గట్టిది కాదు. ఆయన ఇంగ్లీషులో దినచర్య వ్రాసుకొనేవారు. చదివిన పుస్తకాలూ, ఒంటి నలతలూ ఆ పుటలలో పక్కపక్కనే కనిపిస్తాయి. తన్ను తాను పరీక్షకు నిలుపుకొనే అలవాటు అది.

విద్యార్థిగా ఉన్న రోజులలోనే, 1883లో, ఆయన ఇంగ్లీషున 'సారంగధర' కావ్యం ప్రకటించారు. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొన్నారు; మెచ్చుకొంటూనే మాతృభాషలో వ్రాయమని హితవు చెప్పారు. చెడ్డ అలవాటును వదలడం కష్టమే. మెప్పు తెచ్చిపెట్టే అలవాటును వదలడం అంతకన్న కష్టం. అప్పారావుగారు ఆ రెండవ పని చేశారు. ఇరవైయేళ్లు దాటిన కవి తనకు ప్రశంస దొరికిన భాషను పక్కకు నెట్టి, ఇంకా దారి పడని వాడుక తెలుగు పట్టారు.

'కన్యాశుల్కం' 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది. జనం ఆదరించారు. మరొకరైతే దానితో తృప్తిపడేవారు. ఆయన పడలేదు. ఆరోగ్యం కొరకు నీలగిరులకు వెళ్లవలసి వచ్చిన కాలంలోనూ ఆ నాటకాన్ని విడువలేదు. 1909లో వెలువడిన రెండవ కూర్పులో అయిదంకాలు ఏడంకాలయ్యాయి. మధురవాణి మునుపెన్నడూ లేని వ్యక్తిత్వంతో నిలిచింది. నేడు మనం చదివేది ఈ తిరగవ్రాసిన నాటకాన్నే. తొలి కూర్పును చూసినవారు విద్యార్థులలో ఎందరు? రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే రచన ఎట్లా పెరుగుతుందో ఉపాధ్యాయుడు వేరే చెప్పనక్కరలేదు.

ఆ మరుసటి ఏడాది, 1910 ఫిబ్రవరిలో, 'ఆంధ్రభారతి' పత్రికలో 'దిద్దుబాటు' వెలువడింది. తెలుగులో తొలి ఆధునిక కథ అదేనా అన్న వాదం పండితులకు వదలుదాం. రాత్రివేళ ఇల్లు విడిచి ఆటపాటలకు తిరిగే భర్తను చదువుకొన్న భార్య ఉపాయంతో దారికి తెస్తుంది. తిట్టదు, శపించదు, నవ్వులపాలు మాత్రం చేస్తుంది. ఆ యేడే రచించిన 'దేశభక్తి' గేయంలో తిండినీ కండబలాన్నీ దేశపు మేలుతో ముడిపెట్టారు. నలిగిన ఒంటితో ఆ మాట వ్రాసినవానికి బలం విలువ ఎంత తెలిసి ఉంటుందో!

1911లో మద్రాసు విశ్వవిద్యాలయపు పాఠ్యనిర్ణయ సంఘంలో స్థానం లభించింది. 1913లో ఉద్యోగ విరమణ. విశ్రాంతి మాత్రం దొరకలేదు. విద్యార్థులు ఏ తెలుగులో వ్యాసాలు వ్రాయాలన్న తగవు అప్పుడు ముదిరింది. గ్రాంథికమే ఉండాలన్న సభ్యుల పక్షం బలమైనది. 1914లో ఆయన సమర్పించిన అసమ్మతి పత్రం చిన్న కాగితం కాదు. వ్యాధితో పోరాడుతూ, భాషాచరిత్రను తవ్వి కూర్చిన పెద్ద గ్రంథమే. అయినా ఆ వాదంలో ఆయన ఆనాడు గెలవలేదు.

1915 నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో, విజయనగరంలో కన్నుమూశారు. 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు అసంపూర్ణంగానే మిగిలిపోయాయి.